ఒక తాడు, రెండు పెట్టెలు: ఫనిక్యులర్ రైళ్లపై చర్చ

యాంకర్: నమస్కారం. 2025 సెప్టెంబర్ 3న లిస్బన్‌లో గ్లోరియా ఫనిక్యులర్ వాలు మీద అదుపు తప్పి 16 మంది చనిపోయారు. 1885లో మొదలైన లైను అది. ఆ సంగతి దగ్గరికి వెళ్లేముందు అసలు ఈ బండి ఏమిటో తెలుసుకుందాం. స్టూడియోలో రైల్వేలో పనిచేసి రిటైరైన మెకానికల్ ఇంజనీరు గారు, నగర రవాణా ప్లానర్ గారు, కొండ రైళ్లంటే ప్రాణం పెట్టే యాత్రా రచయిత్రి గారు ఉన్నారు. ఇంజనీరు గారూ, ఇది మామూలు రైలు కాదా?

ఇంజనీరు: పట్టాలు మామూలువేనండి, ఇంజనే ఉండదు. బావి గిలక మీద తాడుకి రెండు కొసలా రెండు చేదలు కట్టామనుకోండి. ఒకటి దిగుతుంటే ఇంకోటి లేస్తుంది. ఇక్కడా అంతే, కొండ వాలు మీద ఒకే తాడుకి రెండు కొసలా రెండు పెట్టెలు. పెట్టెల బరువు పెట్టెలకే సరిపోతుంది. ఇటు జనం, అటు జనం మధ్య తేడా ఎంతో అది, దానికి తోడు కాస్త రాపిడి, తాడుని లాగే మోటారు మీద పడేది ఇంతే.

యాంకర్: ఊటీ రైలు ఇలాంటిదే కదా?

ఇంజనీరు: కాదు కాదు. ఊటీ బండిని ఇంజను నడుపుతుంది. మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కేటప్పుడు పళ్ల పట్టాని కరుచుకుని పోతుంది. ఆ పళ్ల పట్టా కార్ల్ రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు పద్ధతి. తమాషా ఏమిటంటే, ఫనిక్యులర్‌లో రెండు పెట్టెలు దారి మధ్యలో తప్పుకునే ఏర్పాటు కూడా ఆయనదే.

రచయిత్రి: మనవాళ్లు ఎక్కే ఫనిక్యులర్ కావాలంటే పళని ఉంది. కొండ మీదికి వెళ్లే వించ్ ఈ జాతిదే.

యాంకర్: ఒకే లైన్లో రెండూ ఎదురెదురుగా వస్తే గుద్దుకోవా?

ఇంజనీరు: అసలు సొగసంతా అక్కడే ఉంది. సరిగ్గా సగం దూరంలో లైను రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. పాయింట్లు మార్చే మనిషి ఉండడు, కదిలే ముక్క ఒక్కటీ ఉండదు. పెట్టెకి ఒక వైపు చక్రాలకి రెండు పక్కలా అంచులుంటాయి, అవి పట్టాని అటూ ఇటూ పట్టుకుని వదలవు. రెండో వైపు చక్రాలకి అంచే ఉండదు, రోలరులా వెడల్పుగా ఉంటాయి. తాడు పోవడానికి పట్టాల్లో వదిలిన ఖాళీల మీదుగా అవి దొర్లిపోతాయి. అంచుల చక్రాలు ఒక పెట్టెకి కుడివైపు, ఇంకోదానికి ఎడమవైపు. కాబట్టి ఏ పెట్టె ఎప్పుడొచ్చినా తన పక్కకే తిరుగుతుంది, పొరపాటు పడదామన్నా కుదరదు. స్విట్జర్లాండ్‌లో గీస్‌బాఖ్ దగ్గర 1879లో మొదలైంది ఈ ఏర్పాటు. తర్వాత మెరుగుపడింది గానీ, సూత్రం మారలేదు.

రచయిత్రి: నాకు మాత్రం మోటారు కూడా లేనివి ఇష్టం. పోర్చుగల్‌లోనే బ్రాగా దగ్గర బోమ్ జెజుష్ కొండకి 1882 నుంచి ఒకటి నడుస్తోంది. పైనున్న పెట్టె తొట్టిలోకి నీళ్లు వదులుతారు, ఆ బరువుకి అది దిగుతుంది, కిందిది లేస్తుంది. కిందికి రాగానే నీళ్లు వదిలేస్తారు. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 1899 నుంచీ వాళ్లు వాడేది మురుగునీళ్లు! పైపేట మురుగు ఎలాగూ కిందికి పోవాల్సిందే కదా, పోతూ పోతూ జనాన్ని పైకి లాగి పోతుంది. వాసన ఉంటుంది, లేదనను.

ప్లానర్: (నవ్వుతూ) మన మునిసిపాలిటీలకి ఈ సంగతి చెప్పకండి.

యాంకర్: ప్లానర్ గారూ, ఫోన్లో ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. తిరుమలకి ఇది ఎందుకు పెట్టరు అని.

ప్లానర్: భక్తి పక్కన పెట్టి లెక్క చూద్దామండి. ఎంత పొడుగు లైనైనా పెట్టెలు రెండే. దూరం పెరిగేకొద్దీ గంటకి తిరిగే ట్రిప్పులు తగ్గిపోతాయి. తిరుమల జనానికి అది ఏ మూలకి? పైగా అది ఒకే వాలు కాదు, కొండ తర్వాత కొండ. ఫనిక్యులర్ నప్పేది పొట్టి, నిటారు ఎత్తుకి. ఇస్తాంబుల్ ట్యూనెల్ చూడండి, 1875 నాటిది, అర కిలోమీటరు పైచిలుకు సొరంగం, ఈరోజుకీ జనం పనులకి ఎక్కుతున్నారు. చిలీలో వాల్పరాయిసో కొండల మీది ఇళ్లకీ అలాంటివే దిక్కు. వీటిని టూరిస్టు బొమ్మలుగా చూడటం నాకు నచ్చదు.

రచయిత్రి: టూరిస్టులు రాకపోతే ఇవి ఎప్పుడో మూతపడేవి సార్.

ప్లానర్: నిజమే, కానీ ఆ రద్దీయే ముసలి బండి మీద పడుతోంది.

యాంకర్: లిస్బన్‌కి వద్దాం. అక్కడ జరిగిందేమిటి?

ఇంజనీరు: గ్లోరియాలో మాత్రం మోటార్లు పెట్టెల్లోనే ఉంటాయి, ట్రాములాగా పైన కరెంటు తీగ. తాడు రోడ్డు కింద గాడిలో పోతూ రెండు పెట్టెల్నీ కలుపుతుంది. ఆ రోజు పై పెట్టెకి తాడు బిగించిన చోటే ఊడింది. పొద్దున తనిఖీ చేశారు, ఏమీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? విప్పి చూస్తే తప్ప కంటికి అందని చోటది. నడిపే ఉద్యోగి బ్రేకులు వేశాడు కూడా. అవి పట్టాయి గానీ ఆపలేకపోయాయి. అవతలి పెట్టె బరువు తాడు మీద ఉన్నంతసేపే వాటి బలం చాలుతుంది. ఆ తాడు ప్రయాణికుల బండ్లకి ధ్రువీకరించిన రకం కాదని కూడా దర్యాప్తులో తేలింది.

యాంకర్: అంటే బ్రేకు ఉండీ లేనట్టే?

ఇంజనీరు: నా అభ్యంతరమంతా అదేనండి. బరువుకి బరువు సరిపోవడం ఎంత గొప్ప ఉపాయమో, దాన్ని నమ్ముకుని బ్రేకు చిన్నది పెట్టుకోవడం అంత ప్రమాదం. తాడు తెగినప్పుడు పట్టాని పట్టుకుని ఆపేసే బ్రేకు వేరుగా ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని స్టూస్‌లో 2017లో ఒక ఫనిక్యులర్ కట్టారు, వాలు ఒకచోట 110 శాతం. అంటే వంద మీటర్లు ముందుకెళ్తే నూటపది మీటర్లు పైకి! మనుషులు ఒరగకుండా పెట్టెలు పీపాల్లా తిరిగి సమంగా నిలుస్తాయి. గ్లోరియా వాలు 18 శాతం దగ్గర. ప్రమాదం వాలుని బట్టి రాదండి.

రచయిత్రి: లాస్ ఏంజెలెస్‌లో ఏంజెల్స్ ఫ్లైట్ అనే ఫనిక్యులర్ ప్రమాదం కూడా అంతేగా?

ఇంజనీరు: అక్కడ 2001లో తాడు తెగలేదు. 1996లో తిరిగి కట్టినప్పుడు పెట్టెకో తాడు చుట్టే డ్రమ్ము పెట్టారు, ఆ గేర్ల దగ్గర లంకె జారింది. అత్యవసర బ్రేకు పనిచేయలేదు. ఒకరు పోయారు. మళ్లీ తెరవడానికి 2010 అయింది.

ప్లానర్: లిస్బన్‌లో మిగతావి కూడా ఆపేశారు. తాడు తెగినా పెట్టెని నిలబెట్టే బ్రేకులున్నాయని రుజువయ్యేదాకా నడపొద్దని దర్యాప్తు సంస్థ సిఫారసు.

రచయిత్రి: గ్లోరియా 2002 నుంచి జాతీయ స్మారకం. కొత్త బ్రేకు బిగించాలంటే పాత పెట్టెని కోయాలి. వారసత్వం అంటూ అభ్యంతరం చెప్పేవాళ్లు తప్పక వస్తారు.

ఇంజనీరు: చెప్పనివ్వండి. పైన రంగు, చెక్క బల్లలు ఉంచండి, కింద ఇనుము మార్చండి.