పడవ ఎక్కనంటున్న పిల్లాడు

(అమలాపురం స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఫోన్ లైను తెగిపోయిన చోట్లు, మధ్యలో ప్రకటనలు తీసేశాను. మిగతాది మాట్లాడిన తీరులోనే ఉంచాను. పాల్గొన్నవాళ్లు నలుగురు: పిల్లల మానసిక వైద్యురాలు, రిటైరైన హెడ్మాస్టరు, గోదావరి లంక రేవులో పడవ నడిపే సరంగు, రాజోలు వైపు నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థిని. సరంగుగారు ముందు రానన్నారు. "కెమెరా అంటే భయవండి" అన్నారు. అందుకే ఆయనతోనే మొదలుపెట్టాను.)

వ్యాఖ్యాత: బాబాయ్, భయం తగ్గిందా?

సరంగు: ఎక్కడండీ! చేతిలో గెడ ఉంటే బాగుండేది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. (నవ్వులు)

వ్యాఖ్యాత: రోజూ బడిపిల్లల్ని దాటిస్తారు కదా. పడవంటే భయపడే పిల్లలు ఉంటారా?

సరంగు: ఆయ్, ఉంటారండి. లంకలో పుట్టినోళ్లకి పడవంటే అరుగు మీద కూచున్నట్టే. కానీ 2022 జూలైలో వరదొచ్చింది చూడండి, ఆ తర్వాత ఐదారుగురు పిల్లలు పడవలో కాలెట్టలేదు. అంతకుముందు అంచు మీద కూచుని నీళ్లల్లో కాళ్లాడించిన వాళ్లే.

వ్యాఖ్యాత: అప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 17.75 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు.

మాస్టారు: 1986లో 35 లక్షలొచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లు అదే చెప్పేవారు, "మేం ఎనభయ్యారు చూశాంరా, ఇదో వరదా" అని. పిల్లాడికి ఎనభయ్యారు ఏం తెలుసు? వాడి మంచం కిందకి వచ్చిన నీళ్లే వాడికి అన్నిటికంటే పెద్ద వరద. ఆ మాటతో వాడి నోరు మూయించేశాం. ఇంకెప్పుడూ చెప్పడు.

వ్యాఖ్యాత: మరి ఆ పిల్లల్ని మీరేం చేశారు బాబాయ్?

సరంగు: నేనేం చేస్తానండి. ఒకడి తండ్రి వాణ్ణి ఎత్తి పడవలో పడేశాడు. గట్టు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. మర్నాడు ఇంట్లోంచే రాలేదు. అయినా మా కాలంలో అంతే కదండీ. మా నాన్న నన్ను కాలవలో తోసేశాడు. రెండు గుక్కలు తాగాను, ఈతొచ్చేసింది.

డాక్టరు: ఈ కథ చెప్పేది ఎప్పుడూ ఈతొచ్చిన వాళ్లే. రానివాళ్లు ఏం చెబుతారు?

సరంగు: (కాసేపు ఆగి) మా తమ్ముణ్ణీ అలాగే తోశాడండి. వాడికిప్పుడు యాభై దాటింది. ఇప్పటికీ కాలవలో దిగడు. కాకినాడెళ్లిపోయాడు. మేడ మీద వాటా తీసుకున్నాడు.

వ్యాఖ్యాత: మీ పిల్లలకి మీరెలా నేర్పారు? తోశారా?

సరంగు: లేదండి బాబు, మా ఆవిడ ఊరుకుంటుందా! ఎండు కొబ్బరికాయలు కట్టానండి. రెండు కాయల పీచు కొంచెం లాగి, ఒకదానికొకటి ముడేసి, ఆ ముడి మీద పిల్లాణ్ణి బోర్లా పడుకోబెట్టాలి. చెరోపక్క కాయ తేలుతుంటుంది. అంతకుముందు రెండ్రోజులు రేవు మెట్ల మీదే. మోకాలు, నడుం, ఆ తర్వాత కాయలు. ఎప్పటికో కాయలొదిలేస్తాడు.

డాక్టరు: వదిలెయ్యమని ఎవరంటారు, మీరా, వాడా?

సరంగు: వాడేనండి. "నాన్నా, ఇవి అడ్డొస్తున్నాయి" అంటాడు. అప్పటిదాకా నేను తియ్యను.

డాక్టరు: అదీ సంగతి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక చిన్న పిల్లాడి గురించి రాశారు. పేరు పీటర్, మూడేళ్ల వాడు. కుందేలంటే హడలు. వాడికిష్టమైన తిండి పెట్టి, కుందేలు బోనును గదికి ఆ చివర ఉంచారు. వాడు నిమ్మళంగా తింటుంటే కాస్త దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి. చివరికి దాన్ని వాడే చేత్తో తడిమాడు. భయం తీసే వైద్యాల్లో ఇప్పటికీ చాలావాటికి మూలం అదే. మేం కాగితం మీద ఒకటి నుంచి పది దాకా మెట్లు రాయిస్తాం. మీకు మెట్లు రేవులోనే ఉన్నాయి.

మాస్టారు: ఒక్కటి అడుగుతానండి. భయపడే పనికి పంపకుండా నాలుగు రోజులు ఊరుకుంటే అదే పోతుంది కదా అంటారు తల్లులు.

డాక్టరు: పోదండి, పెరుగుతుంది. సోమవారం పొద్దున్న బడి టైముకి కడుపునొప్పి. అది నాటకం కాదు, కడుపు నిజంగానే మెలిపెడుతుంది. "సరే, ఇవాళ ఉండిపో" అనగానే నొప్పి ఎగిరిపోతుంది. ఆ హాయి ఉంది చూశారూ, అదే మంగళవారం నొప్పిని ఇంకా పెద్దది చేస్తుంది. బలవంతం చేసినా తప్పే, వదిలేసినా తప్పే. సగం పూట పంపండి. గేటు దాకా పంపండి. ఇవాళ ఎంత దూరం వెళ్లాడో రేపు అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఇంకో మాట, మా డాక్టర్ల తరఫున. అన్నం తినకపోతే "డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది పొడిపిస్తా" అంటారు. ఆర్నెల్లు అలా బెదిరించి, ఆ పిల్లాణ్ణి నా దగ్గరికే తీసుకొచ్చి "చూడండి డాక్టరుగారూ, ఊరికే భయపడుతున్నాడు" అంటారు! (నవ్వులు)

వ్యాఖ్యాత: మాస్టారూ, 1996 తుపాను తర్వాత మీరు బళ్లోనే ఉన్నారు కదా.

మాస్టారు: నవంబర్ 6 రాత్రి. తెల్లారేసరికి కొబ్బరితోటల్లో చెట్లు చెట్లుగా పడిపోయి ఉన్నాయి. వెయ్యి మందికి పైగా పోయారు. బడి మళ్లీ తెరిచాక పిల్లలు మామూలుగానే కనిపించారు. కానీ కాస్త గాలి లేచి మట్టలు రాసుకున్న చప్పుడైతే చాలు, క్లాసంతా పలకల మీద చేతులాగిపోయేవి. అందరూ కిటికీ వైపే.

ఒక కుర్రాడు బెంచీ కిందకి దూరాడు. నేను వాణ్ణి బెత్తంతో కొట్టాను. అప్పటికి నాకూ నిద్రల్లేవు, మా ఇంటి కప్పూ లేచిపోయింది. అదంతా సాకే లెండి. కొట్టాను. వాడు ఏడవలేదు. బెంచీ కిందే చెవులు మూసుకుని ఉండిపోయాడు.

(ఇక్కడ స్టూడియోలో ఎవరూ మాట్లాడలేదు. కెమెరా ఆపమని కూడా నాకు తోచలేదు.)

వ్యాఖ్యాత: తర్వాత?

మాస్టారు: ఆ సాయంత్రం వాళ్లమ్మ చెప్పింది, ఆ రాత్రి పెంకులు పడుతుంటే మంచం కింద దూరి బతికారట. మరి గాలి చప్పుడైతే వాడు బెంచీ కిందకి కాక ఎక్కడికి దూరతాడు? మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టాను. గాలొస్తే ఒకణ్ణి వరండాలోకి పంపేవాణ్ణి. చెట్టు చూసి వచ్చి చెప్పాలి: మట్టలే ఊగుతున్నాయా, మానే వంగుతోందా? "మట్టలేనండీ" అనగానే మళ్లీ లెక్కలు. మొదట్లో పెద్ద పిల్లలే వెళ్లేవారు. ఆ కుర్రాడు సంక్రాంతి సెలవులయ్యాక వెళ్లాడు. నాకు ఈ సైకాలజీలు తెలిసి కాదండీ, మళ్లీ కొట్టకూడదని.

డాక్టరు: భయం చెప్పినదాన్ని కంటితో సరిచూసుకోవడం నేర్పారు మీరు. మానే వంగుతుంటే మరి?

మాస్టారు: సంచులు సర్దుకుని ఇంటికే! అది వేరే. ప్రమాదం ఉన్నప్పుడు భయపడాలి.

సరంగు: గోదారంటే భయం లేనోణ్ణి నేను పడవెక్కించనండి. ఇసుక తవ్విన గుంతల్లో మునిగేవాళ్లలో ఈతొచ్చిన కుర్రాళ్లూ ఉంటారు. పైకి నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, కింద తాడిచెట్టంత లోతు.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఈ అమ్మాయి వైపు వద్దాం. నత్తి గురించి తనే మాట్లాడతానంది. చెప్పమ్మా.

విద్యార్థిని: నాకు ప అక్షరం ప... ప... పలకదండి. చిన్నప్పుడు బస్సెక్కి పా...

వ్యాఖ్యాత: పాలకొల్లు.

విద్యార్థిని: మేడమ్, మీరు చెప్పేస్తే నాకేం మిగల్లేదు. (నవ్వు)

వ్యాఖ్యాత: తప్పయింది. నువ్వే చెప్పు.

విద్యార్థిని: రాజోలు నుంచి ప... పాలకొల్లు మా అత్తయ్య ఇంటికి. ఊరి పేరు నోట్లోంచి వచ్చేలోపు కండక్టరు ముందు సీటుకి వెళ్లిపోయేవాడు. అందుకని "భీమవరం" అనేదాన్ని. ఎక్కువ డబ్బులిచ్చి పాలకొల్లులో దిగిపోయేదాన్ని. మూడేళ్లు అలాగే. ఇప్పుడు ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు, ఆ నష్టం పోయింది. ఊరు మాత్రం చెప్పాల్సిందే! (నవ్వులు) కొట్లో పూతరేకులు అడగలేక బెల్లం గవ్వలు కొనేదాన్ని. నాకు గవ్వలిష్టమని ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు.

మా నానమ్మ రోజూ వస కొమ్ము అరగదీసి నాలుకకి రాసేది. మాటలు రాలేదు గానీ వస వాసనంటే ఇప్పటికీ వాంతి. గులకరాళ్లు నోట్లో పెట్టుకోమన్న వాళ్లూ ఉన్నారు.

డాక్టరు: రాళ్లు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. చాలామందికి దానంతటదే పోతుంది, కొందరికి ఉండిపోతుంది. తెలివికీ దానికీ సంబంధం లేదు. పాడేటప్పుడు, పదిమందితో కలిసి చదివేటప్పుడు చాలామందికి నత్తి రాదు. అది గమనించారా మీరు?

విద్యార్థిని: ప్రార్థనలో ఎప్పుడూ రాలేదండి. హాజరు పిలిచినప్పుడే నరకం. "ప్రెజెంట్ టీచర్" అనాలి, అది కూడా ప. ఏడో తరగతిలో మా తెలుగు టీచరు అది కనిపెట్టారు. "ఇవాళ్టి నుంచి బెంచీకి ఒకసారి, బెంచీలో అందరూ కలిసి 'వచ్చాం' అనండి" అన్నారు. నా కోసమని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకి ఇద్దరిద్దరు చొప్పున. తర్వాత ఒక్కొక్కరు. నేను ఆగితే ఆవిడ పెన్ను కింద పెట్టి నా వంక చూస్తూ ఊరికే కూచునేవారు. వాచీ చూసేవారు కాదు.

మాస్టారు: అంత ఓపిక నాకు ఉండేది కాదు.

విద్యార్థిని: నత్తి పోలేదండి. ఉంది, చూస్తున్నారు కదా. భీమవరం టికెట్ మానేశాను, అంతే.

వ్యాఖ్యాత: డాక్టరుగారూ, ఈ మధ్య మీ దగ్గరికి ఎలాంటి పిల్లలు ఎక్కువ వస్తున్నారు?

డాక్టరు: మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. అమ్మ కువైట్ వెళ్లిన పిల్లలు. ఒక అమ్మాయి ఆరేళ్లది, రాత్రి నిద్రపోదు. అమ్మమ్మ చెంగు వేలికి చుట్టుకుని కళ్లు తెరుచుకుని ఉంటుంది. అడగ్గా అడగ్గా తేలింది. తల్లి వెళ్లేటప్పుడు పిల్ల ఏడుస్తుందని, నిద్రపోయాక తెల్లవారుజామున కారెక్కించారు. నిద్రపోతే అమ్మ పోయింది. మళ్లీ నిద్రపోతే అమ్మమ్మ పోదని నమ్మకమేంటి?

వ్యాఖ్యాత: ఏం చేశారు?

డాక్టరు: తల్లి చేతే నిజం చెప్పించాం. "నువ్వు నిద్రపోయినందుకు కాదు, నాకు ధైర్యం చాలక చెప్పకుండా వచ్చేశాను" అని. ఫోన్‌లో తల్లే ముందు ఏడ్చింది. తర్వాత ఒక వేళ పెట్టుకున్నారు. మనకి తొమ్మిదిన్నరైతే అక్కడ ఏడు. పని తెమలని రోజు ఫోను రాకపోతే అమ్మమ్మ ముందే చెప్పాలి. అమ్మమ్మ మంచం దిగినప్పుడల్లా "నీళ్లు తాగొస్తా" అని లేపి చెప్పి వెళ్లేది. ఆవిడకి నిద్ర చెడింది, పాపం. నెలన్నర పట్టింది.

అన్నిటికీ డాక్టరు అక్కర్లేదు. కానీ వరదో, చావో, ఏదైనా పెద్ద దెబ్బ తగిలి నెల దాటాక కూడా పీడకలలు, ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, మాట తగ్గిపోవడం, బడి మానేయడం ఉంటే ఆలస్యం చెయ్యకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోనో బయటో ఎవరైనా పిల్లల్ని బాధపెడుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

వ్యాఖ్యాత: లైన్లో ఒకరున్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో తల్లి: నమస్తే అండి. మాది లంకేనండి. బాబాయ్ రేవే మాది. మా చిన్నోడు నాలుగో తరగతి. మొన్న ఈదురుగాలికి పడవ ఊగింది, అప్పట్నించి ఎక్కనంటున్నాడండి. వాళ్ల నాన్న కొడతానంటున్నారు.

సరంగు: ఎర్ర సంచి కుర్రాడేనా? నేనూ చూస్తన్నాను, నాలుగు రోజుల్నించి రాలేదు. కొట్టద్దని చెప్పమ్మా. రేపు రేవుకి తీసుకురా. ఎక్కించద్దు. మెట్ల మీద కూచోబెట్టు, నేను అటూ ఇటూ తిప్పుతుంటే చూస్తాడు.

తల్లి: బడి పోద్ది కదండీ.

మాస్టారు: పోనీయమ్మా. ఆ మేష్టారితో నేను మాట్లాడతాను.

సరంగు: ఎల్లుండి పడవ గట్టుకి కట్టేసి ఉండగా ఎక్కుతాడేమో అడుగుదాం. తాడు వాడి చేతికే ఇస్తాను.

విద్యార్థిని: ఎక్కకపోతే?

సరంగు: తాడు పట్టుకుని గట్టు మీదే ఉంటాడు. అదీ పనేగా, పడవ కొట్టుకుపోకుండా.

తల్లి: ఎన్నింటికి రమ్మంటారు బాబాయ్?

సరంగు: ఆరింటికల్లా వచ్చెయ్యమ్మా. ఏడైతే పాల కేన్లొచ్చేస్తాయి, మెట్ల మీద చోటుండదు.