పొడవు జుట్టు కొసలు బంకగా అతుక్కుని చిక్కులు పడుతున్నాయా? రెండు జడలతో ఆరు వారాల రివ్యూ

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఈ చిన్న క్లిప్ చూడండి. ఇది ఆరు వారాల కిందట తీసింది. పైనుంచి వేళ్ళు హాయిగా జారుతున్నాయి కదా, ఇదిగో నడుము దాకా వచ్చాయి, ఇంకొంచెం కిందికి... ఆగిపోయాయి. చివరి జానెడు జుట్టు. అప్పటికి తలస్నానం చేసి, పూర్తిగా ఆరి, మూడు గంటలైంది. ఆ రోజు నూనె చుక్క కూడా రాయలేదు. అయినా పట్టుకుంటే స్టిక్కర్ పీకేశాక మిగిలిన జిగురుని ముట్టుకున్నట్టే ఉంది. పదేసి వెంట్రుకలు అతుక్కుని తోకల్లా వేలాడుతున్నాయి. దువ్వెన పెడితే టప్పున తెగుతున్నాయి.

ఇక ఇది ఈ రోజు. అదే తల, అదే కిటికీ వెలుతురు. దువ్వెన కింద దాకా దిగింది. ఒక్క చోట మాత్రం తట్టుకుంది, చూశారా? దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ వీడియోలో వాడినవన్నీ నేను కొనుక్కున్నవే, ఎవరూ పంపలేదు. బ్రాండ్ల పేర్లు కూడా చెప్పను. పేరు చెబితే మీరు సీసా ముందు వైపు చూసి కొనేస్తారు. ఈ విషయంలో పని చేసేది వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ పదాలు వెతకాలో చెబుతాను, ఏ కంపెనీదైనా అవి ఉంటే చాలు.

పరీక్ష ఎలా చేశానంటే, మధ్య పాపిడి తీసి రెండు జడలు. మొదటి రెండు వారాలు కుడి సగానికి క్లారిఫైయింగ్ షాంపూ, అంటే పేరుకున్న పూతల్ని గట్టిగా కడిగేది. ఎడమ సగానికి చీలేటింగ్ షాంపూ, అంటే నీళ్ళ నుంచి పట్టిన ఖనిజాల్ని లాగేసేది. తర్వాత రెండు వారాలు అటుది ఇటు, ఇటుది అటు. చివరి రెండు వారాలు షాంపూ మామూలుదే, కుడి జడకి పెద్ద పళ్ళ దువ్వెన, ఎడమ జడకి వంగే పళ్ళ బ్రష్. ఇది ల్యాబ్ పరీక్షేమీ కాదు. స్నానం చేస్తుంటే నురగ అటూ ఇటూ కారుతుంది, ఆపలేం. అయినా తేడా చేతికి బాగానే తెలిసింది.

అసలు కొసలకే ఎందుకు ఈ తిప్పలు? జుట్టు నెలకి దాదాపు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది, అంటే ఏడాదికి 15. నా జుట్టు 90 సెంటీమీటర్లు. లెక్క వేసుకోండి, నా కొసలకి ఆరేళ్ళు! ఆరేళ్ళుగా ఎండ, దువ్వెన, తువ్వాలు, దిండు, అన్నీ భరించిన వెంట్రుక అది. వెంట్రుక మీద పెంకుటింటి కప్పులాగా ఒకదాని మీద ఒకటి పరిచిన పొలుసులుంటాయి. వాటి మీద సన్నటి కొవ్వు పొర ఒకటి ఉంటుంది, 18-ఎంఈఏ అంటారు. కొత్త వెంట్రుక నున్నగా జారడానికి కారణం ఆ పొరే. వాడగా వాడగా, బ్లీచ్ చేయించుకుంటే ఇంకా తొందరగా, అది పోతుంది. పోయిన పొర మళ్ళీ పుట్టదు, ఎందుకంటే వెంట్రుక ప్రాణమున్నది కాదు. కుదుళ్ళ దగ్గర బతికున్నదే తప్ప బయటికొచ్చిన భాగం తనంతట తాను ఏదీ బాగు చేసుకోలేదు.

ఇక్కడే నాకు చాలా కాలం అర్థం కాని విషయం ఉంది. ఆ పొర పోయిన చోట వెంట్రుకకి రుణావేశం ఎక్కువవుతుంది. కండిషనర్‌లో ఉండే పదార్థాలది ధనావేశం. అందుకే వెంట్రుక పాడైన చోటనే కండిషనర్ ఎక్కువగా పట్టుకుంటుంది. మంచిదే కదా అనిపిస్తుంది, నిజంగా మంచిదే. కానీ సరిగ్గా కడక్కపోతే మిగిలిపోయేదీ అక్కడే. దానిమీద సీరం, సీరం మీద నూనె, నూనె మీద దుమ్ము.

నేను చేసిన తప్పు అదే. కొసలు గరుకుగా ఉన్నాయి కాబట్టి పొడిబారాయి అనుకున్నాను. పొడిబారాయి కాబట్టి సీరం. మర్నాడు ఇంకా గరుకుగా అనిపిస్తే ఇంకో రెండు చుక్కలు. షాంపూ మాత్రం తలకే రుద్దుకుని, కొసల మీదికి ఆ నురగ కారితే చాలనుకునేదాన్ని. మామూలుగా అది సరైన పద్ధతే. కానీ రోజూ పూత పూసేవాళ్ళకి ఆ కారే నురగ సరిపోదు. ఎనిమిది నెలలు ఇలాగే చేసి, జుట్టు చిక్కు పడుతోందని మళ్ళీ నేనే ఏడ్చాను.

అందుకని ఏదైనా కొనే ముందు మీ కొసల మీద ఉన్నదేంటో చూసుకోండి. ఆరిన కొసలని టిష్యూ కాగితంలో పెట్టి గట్టిగా నొక్కండి. కాగితం మీద పారదర్శకంగా మరక పడితే నూనె. మరక పడకుండా, కొసల మీద నీళ్ళు చల్లితే ఇంకకుండా ముత్యాల్లా నిలబడితే అది సిలికాన్ పూత, అంటే సీరంలో ఉండే జారుడు పదార్థం, అయ్యే అవకాశం ఎక్కువ. తడపగానే కొసలు జారుడుగా, కాస్త అసహ్యంగా నాచు పట్టినట్టయితే స్టైలింగ్ జెల్ లాంటిది మిగిలి ఉంటుంది. జెల్స్‌లో ఉండే కొన్ని పాలిమర్లు గాలిలో తేమ పెరిగితే మెత్తబడి అంటుకుంటాయి. గ్లిసరిన్ ఎక్కువున్నవీ అంతే, గాలిలో తేమని లాక్కుంటాయి. వాన రోజుల్లోనే మీకు బంకగా అనిపిస్తుంటే అనుమానం అటు పెట్టండి. ఇవేవీ కాకుండా, మైనం రాసినట్టు పట్టి పట్టి ఉండి, మెరుపు చచ్చిపోయి ఉంటే అది నీళ్ళలోని ఖనిజాల వల్ల కావచ్చు.

ఇప్పుడు క్లారిఫైయింగ్ షాంపూ. వెనక చూడాల్సిన పదాలు సోడియం లారెత్ సల్ఫేట్, లేదా సోడియం సీ14-16 ఓలిఫిన్ సల్ఫొనేట్. ఇవి పై వరుసల్లో ఉండాలి. డైమెథికోన్ (ఇదో సిలికాన్) అనో, పాలీక్వాటర్నియం (ఇదీ పూత వేసేదే) అనో కనిపిస్తే వదిలేయండి, ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పూసినట్టు. వాడే తీరు కూడా ముఖ్యమే. సీసాలోంచి నేరుగా కొసల మీద పోసి బట్టలు ఉతికినట్టు రుద్దారో, ఉన్న చిక్కులకి కొత్త చిక్కులు. మగ్గులో నీళ్ళు కలిపి పల్చన చేసి, జుట్టుని కిందికి వేలాడదీసి, పిడికిట్లో పట్టుకుని పైనుంచి కిందికి పిండుతూ రండి. ఒక నిమిషం ఉంచి కడిగి, మళ్ళీ ఒకసారి.

కుడి జడకి మొదటి వాష్‌లోనే బంక సగానికి పైగా పోయింది. రెండో వారానికి తోకలు విడిపోయి మళ్ళీ వెంట్రుకలయ్యాయి. లోపం కూడా చెప్పాలి. పూత పోయాక అసలు కొసలు బయటపడ్డాయి, అవి కొబ్బరి పీచులా ఉన్నాయి. చాలామంది ఇక్కడే భయపడి, షాంపూ పాడు చేసిందనుకుని మళ్ళీ సీరం వైపు పరిగెడతారు. ఆ రోజు తప్పకుండా కండిషనర్ పెట్టాలి. బంక వదిలాక నెలకోసారి చాలు, నా లెక్కలో. దీనికి నా మార్కులు పదికి తొమ్మిది.

చీలేటింగ్ షాంపూది వేరే పని. నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకి పట్టుకుంటాయి, వాటిని పట్టి బయటికి లాగుతుంది. సబ్బుతో తలస్నానం చేసేవాళ్ళయితే ఇంకా ముఖ్యం, ఎందుకంటే సబ్బూ కాల్షియమూ కలిస్తే నీళ్ళలో కరగని తెట్టు అవుతుంది. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుందే, అదే మీ కొసల మీద కూడా. వెనక టెట్రాసోడియం ఈడీటీఏ, డైసోడియం ఈడీటీఏ, ఫైటిక్ ఆసిడ్ లాంటివి చూడండి. కానీ చిన్న మెలిక ఉంది. మామూలు షాంపూల్లోనూ ఈడీటీఏ చిటికెడు వేస్తారు, అది సరుకు పాడవకుండా. జాబితా చివర్లో ఉన్నదాన్ని చూసి మోసపోవద్దు.

ఎడమ జడకి ఇది కొంత పని చేసింది. ఇందులో కూడా నురగ పదార్థం ఉంటుంది కదా, కాస్త వదిలింది. కానీ జిగురు మిగిలే ఉంది. వారాలు మార్చాక తమాషా తెలిసింది. ఎడమ జడ క్లారిఫైయింగ్‌తో శుభ్రపడింది. అప్పటికే శుభ్రంగా ఉన్న కుడి జడకి చీలేటింగ్ పెడితే, మిగిలిన ఆ మైనం పట్టు పోయింది, మెరుపు వచ్చింది. అంటే నా జుట్టు మీద ఎక్కువ సిలికాన్, కింద కొంచెం ఖనిజాలు. మీ ఇంట్లో షాంపూ నురగ సరిగ్గా రాని నీళ్ళయితే ఈ లెక్క తిరగబడొచ్చు. నా వరకు పదికి ఆరు.

మందమైన నూనె, ముఖ్యంగా ఆముదం రాసి వదలక అవస్థ పడేవాళ్ళకి ఒక్క మాట. ముందు పొడి కొసల మీదే కండిషనర్ దట్టంగా పట్టించి పావుగంట ఉంచండి. నూనె అందులో కలిసి విరుగుతుంది. ఆ తర్వాత షాంపూ. నూనె తలకి గబగబా నీళ్ళు పోసి గుండ్రంగా రుద్దడం మాత్రం వద్దు. ఆముదం కలిపిన నూనె రాసుకుని తలస్నానం చేశాక జుట్టంతా రాయిలా ఉండకట్టి, కత్తిరించాల్సి వచ్చిన ఒక కేసు 2017లో వైద్య పత్రికలో వచ్చింది. అది చాలా అరుదు, టెన్షన్ పడొద్దు. అవిసె నూనె కొసలకి రాసేవాళ్ళకి కూడా చెబుతున్నాను, గాలి తగిలితే అది గట్టి పొరలా మారుతుంది. పెయింట్లలో దాన్ని వాడేదే అందుకు.

అలాగని నూనె మానేయమనడం లేదు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూస్తే, వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది కాబట్టి. కొసలకి రాయాల్సింది తలస్నానానికి ముందు. ఆరిన కొసల మీద రోజూ పూస్తే మళ్ళీ మొదటికొస్తాం.

వంటసోడాతో కడిగితే బంక పోతుందా అని అడుగుతుంటారు. పోతుంది, దాంతోపాటు పొలుసులూ లేస్తాయి. దానికి క్షార గుణం, పీహెచ్ 8 దాటుతుంది. నేను పరీక్షించలేదు, పరీక్షించను.

శుభ్రమయ్యాక కండిషనర్. బెహెన్‌ట్రైమోనియం లేదా సెట్రిమోనియం అనే పదం పైన ఉంటే మంచిది, ఇందాక చెప్పిన ధనావేశం పదార్థాలు ఇవే. సెటియరిల్ ఆల్కహాల్ చూసి కంగారు పడకండి, పేరులో ఆల్కహాల్ ఉన్నా అది మెత్తగా చేసే కొవ్వు పదార్థం. చెవుల కింది నుంచే పట్టించి, అది జుట్టు మీద ఉండగానే చిక్కు తీయండి. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. తడి వెంట్రుక సాగుతుంది, తన పొడవులో దాదాపు మూడో వంతు దాకా సాగి ఆ తర్వాత దెబ్బ తింటుంది. కండిషనర్ జారుడు లేకుండా తడి జుట్టుని లాగితే ఆ హద్దు దాటడం ఎంతసేపు? ముందు వేళ్ళతో, తర్వాత దువ్వెనతో, కొసల నుంచి మొదలుపెట్టి పైకి. ముడికి పైన పిడికిలితో గట్టిగా పట్టుకుంటే కుదుళ్ళు నొప్పెట్టవు.

ఇంకోటి. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. జడ విప్పకుండా మూడు రోజులుంటే అవన్నీ ఎక్కడికి పోతాయి? జడలోనే జారి, కొసల దగ్గర చుట్టుకుంటాయి. నేను బంక అనుకున్న చిక్కుల్లో సగం ఈ రాలిన వెంట్రుకలే. రాత్రి ఒకసారి విప్పి వేళ్ళతో దులిపితే పోతాయి.

దువ్వెనా, బ్రషా? బ్రష్‌తో పని వేగంగా అవుతుంది, నొప్పీ తక్కువ. కానీ పై పొర మీద జారిపోయి, లోపలి ముడిని వదిలేస్తుంది. బ్రష్ వాడిన రెండో వారంలో ఎడమ జడ లోపల గోలీకాయంత ఉండ దొరికింది. దువ్వెన నెమ్మది, కానీ అబద్ధం చెప్పదు. కొనేటప్పుడు పళ్ళ మధ్య గోరు పెట్టి చూడండి, అచ్చులో పోసినప్పుడు పడే అతుకు గీత తగిలితే అది వెంట్రుకని గీకుతుంది. నా ఓటు దువ్వెనకే.

సీరం పారేయలేదు. తడి కొసలకి రెండు చుక్కలు, తలస్నానం రోజున మాత్రమే. డైమెథికోన్ విలన్ కాదు. రోజూ పూసిన నేను విలన్.

వెంట్రుక మీద గట్టి గింజల్లాంటివి అంటుకుని, జార్చినా జారకపోతే అది ఈ వీడియో సమస్య కాదు. ఈపులు కావచ్చు, ఒక రకం ఫంగస్ కావచ్చు. చర్మ వైద్యులకి చూపించండి.

ఇప్పుడు మొదట్లో దువ్వెన తట్టుకున్న చోటు. ఇదిగో, దగ్గరగా చూడండి. వెంట్రుక రెండుగా చీలి, దానికదే ముడి పడింది. చిట్లిన కొసని అతికిస్తామనే క్రీములు తలస్నానం దాకా అతికిస్తాయి, అంతే. ఆరు వారాలూ ఏం పూసినా ఇవి ఇలాగే ఉన్నాయి. నిన్న నాలుగు సెంటీమీటర్లు కత్తిరించాను. మూడు నెలల పెరుగుదల, కాస్త బాధేసింది. ఇది కత్తెరకి దొరక్కుండా తప్పించుకున్నదన్నమాట. ఆగండి... అయిపోయింది.

అన్నట్టు, నాలుగో వారంలో శుభ్రంగా ఉన్న జుట్టు ఒక రోజు మళ్ళీ బంకగా అయింది. ఏమీ రాయలేదు. తల గోక్కుని చూస్తే, పాత బ్రష్! ఎనిమిది నెలల సీరం దాని పళ్ళ మొదట్లోనే ఉంది, దువ్విన ప్రతిసారీ తిరిగి పూస్తోంది. ఇదిగో, ఇప్పుడే గోరువెచ్చటి షాంపూ నీళ్ళలో వేశాను. ఆ నీళ్ళ రంగు చూడండి. పళ్ళ మధ్య పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బోర్లించి ఆరబెడతాను. రేపటి దాకా నాకు వేళ్ళే దువ్వెన.