చైనాటౌన్ కింద పిచ్చుకగూడు: శాన్‌ఫ్రాన్సిస్కో సబ్‌వే స్టేషన్‌కి అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

(స్క్రీన్ మీద: స్టాక్‌టన్ స్ట్రీట్, కూరగాయల కొట్లు, సంచులు మోస్తున్న జనం)

ఈ స్టేషన్ ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు అంటారు: "ముచ్చటగా 2.7 కిలోమీటర్ల లైనుకి 195 కోట్ల డాలర్లా? మన హైదరాబాద్‌లో 69 కిలోమీటర్లు వేసేశారు!" అయ్యా, ఆ 69 కిలోమీటర్లూ స్తంభాల మీద ఉన్నాయి. ఇది చాలావరకు నేల కింద, కొండ కింద, ఆ మధ్యలో అప్పటికే నడుస్తున్న రైళ్ళ కింద. పోల్చడానికైనా ఒక పద్ధతి ఉండాలి కదా.

బే ఏరియాలో ఉన్నవాళ్ళకి దారి తెలిసే ఉంటుంది. సన్నీవేల్ నుంచో శాంటా క్లారా నుంచో కాల్‌ట్రైన్‌లో వచ్చి, చివర్లో దిగి, మ్యూని (నగరం నడిపే రైళ్ళు, బస్సులు) టీ లైన్ ఎక్కితే ఆఖరి స్టాపు చైనాటౌన్–రోజ్ పాక్. 2022 నవంబర్‌లో వారాంతపు షటిల్‌తో తెరిచారు, 2023 జనవరి నుంచి రోజూ నడుస్తోంది. అసలు చెప్పిన గడువు 2018.

ఇప్పుడు నన్ను బాగా చిరాకు పెట్టే అపోహ. సొరంగం తవ్వే యంత్రం ఉంటుంది కదా, టీబీఎం, అది వెళ్ళిపోతే పని అయిపోయినట్టే అనుకుంటారు. ఇక్కడ రెండు యంత్రాలు దిగాయి. ఒకటి మామ్ చంగ్, ఇంకొకటి బిగ్ ఆల్మా. మొదటిది డాక్టర్ మార్గరెట్ చంగ్ పేరు, అమెరికాలో పుట్టిన తొలి చైనీస్ మహిళా డాక్టర్. 2013లో దిగిన ఆ రెండు యంత్రాలూ 2014 జూన్‌కల్లా పని ముగించాయి. ఒక్కోదానికి ఏడాది కూడా పట్టలేదు! మరి మిగతా ఎనిమిదేళ్ళూ ఏం చేశారు?

స్టేషన్లు కట్టారు. యంత్రం చేసేది రైలు పట్టేంత గొట్టం మాత్రమే. ప్లాట్‌ఫారం, మెట్లు, జనం, ఇవన్నీ పట్టాలంటే గుహ కావాలి.

(స్క్రీన్ మీద: ఇసుక గుట్ట)

చిన్నప్పుడు ఎదురింటివాళ్ళు ఇల్లు కడుతుంటే, ఆ ఇసుక గుట్టలో పిచ్చుకగూళ్ళు కట్టారా లేదా? తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక పోసి, తట్టి తట్టి, మెల్లగా కాలు లాగేస్తాం. గూడు నిలబడుతుంది. లోపల స్తంభం లేదు, దూలం లేదు, ఇసుకే ఇసుకని మోస్తుంది. చైనాటౌన్ స్టేషన్ వెనక ఉన్న ఇంజనీరింగ్ సూత్రం ఇదే. వంపు సరిగ్గా కుదిరితే, పైనున్న నేల తన బరువు తానే మోసుకుంటుంది.

కాకపోతే కాలు ఒక్కసారి లాగితే ఏమవుతుంది? కూలుతుంది. అందుకే వీళ్ళు గుహని ఒకేసారి తవ్వరు, ముక్కలు ముక్కలుగా తవ్వుతారు. కొంచెం తవ్వడం, వెంటనే గోడల మీద కాంక్రీట్ చిమ్మడం, అది గట్టిపడ్డాక పక్క ముక్క. యంత్రం అప్పటికే వేసి వెళ్ళిన గొట్టం ఉంది చూశారా, ఈ గుహ పొడవునా దాన్ని కూడా పగలగొట్టుకుంటూ పోవాలి.

ఇంకో చిక్కు: పొడి ఇసుకతో గూడు నిలవదు. శాన్‌ఫ్రాన్సిస్కో కింద ఉన్న రాయి ఒకే రకం కాదు. నలిగి, చీలి, రకరకాల రాళ్ళు కలిసిపోయిన ముద్ద. అలాంటి చోట తవ్వే ముందే పైకప్పు భాగంలోకి ఇనుప గొట్టాలు దూర్చి, సిమెంటు పాలు ఎక్కిస్తారు. ఇసుకని తడిపి తట్టడమన్నమాట. పైన పాత భవనాలు, వాటిలో కాపురాలు. అవి ఏమాత్రం కుంగుతున్నాయో కొలుస్తూనే ఉండాలి.

"ఇంత తంటా ఎందుకు, రోడ్డు తవ్వి కట్టి పూడ్చేస్తే పోలా?" అంటారా? ఇదే లైన్లో యూనియన్ స్క్వేర్ స్టేషన్ అలాగే కట్టారు. అక్కడ స్టాక్‌టన్ స్ట్రీట్ ఏళ్ళ తరబడి మూతపడింది, దుకాణాలవాళ్ళు లబోదిబోమన్నారు. చైనాటౌన్‌లో ఆ పని చేస్తే బజారే పోయేది. టూరిస్టులు తిరిగేది గ్రాంట్ అవెన్యూ, ఊరివాళ్ళు కూరలు కొనేది స్టాక్‌టన్. అందుకే వాషింగ్టన్ స్ట్రీట్ మూల మీద ఒక్కచోట బావిలా తవ్వి, లోపలి నుంచి పక్కకి వెళ్ళి వీధి కింద గూడు కట్టారు. పైగా ఇది సుమారు 100 అడుగుల లోతు. మార్కెట్ స్ట్రీట్ దగ్గర అప్పటికే నడుస్తున్న బార్ట్ (బే ఏరియా ఊళ్ళని కలిపే రైలు) సొరంగాల కింద నుంచి దూరి రావాలి, ఇవతల నేల కొండలా పైకి లేస్తుంది. ఆలస్యమంతా రాయి తప్పేనని నేననను. అందులో కొంత మనుషుల పుణ్యమే, దాన్ని వెనకేసుకు రాను.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అసలు ఈ లైన్ ఎందుకొచ్చింది? 1989 భూకంపంలో చైనాటౌన్‌కి జనం కార్లలో వచ్చే దారి, ఎంబార్కడేరో ఫ్రీవే, దెబ్బతింది. కూల్చేస్తే బేరాలు పోతాయని చైనాటౌన్ వ్యాపారులు గొడవ చేశారు. ముందు నిలబడింది రోజ్ పాక్, ఒకప్పటి జర్నలిస్టు, అప్పటికి చైనీస్ చాంబర్ ఆఫ్ కామర్స్ తరఫు గొంతు. ఫ్రీవే కూల్చారు, అప్పటి మేయర్ ఆర్ట్ ఆగ్నోస్ 1991 ఎన్నికల్లో ఓడిపోయాడు. పోయిన దారికి బదులే ఈ రైలు. రోజ్ పాక్ 2016లో చనిపోయారు. స్టేషన్‌కి ఆవిడ పేరు పెట్టడం మీద పెద్ద రభసే అయ్యి, 2019లో నగర రవాణా సంస్థ బోర్డు 4–3 ఓట్లతో ఒప్పుకుంది. నన్నడిగితే, ఆవిడ లేకపోతే స్టేషనే లేదు, పేరుండటం న్యాయమే.

ఇంకొకటి. 1906 భూకంపం తర్వాత ఊరి పెద్దలు చైనాటౌన్‌ని ఊరి చివర హంటర్స్ పాయింట్‌కి పంపేద్దామనుకున్నారు. చైనాటౌన్ జనం కదల్లేదు. ఇదే టీ లైన్ రెండో కొస ఆ వైపుకే పోతుంది!

లోపల యుమే హౌ చేసిన ఎర్రటి లోహపు బొమ్మలు చూడకుండా రాకండి, కాగితం కత్తిరింపుల్లా ఉంటాయి. ప్లాట్‌ఫారం మాత్రం రెండు బోగీలకే సరిపోతుంది. ఇంత తవ్వి అక్కడ పిసినారితనం ఎందుకో!

ఆ రెండు యంత్రాలూ చైనాటౌన్‌లో ఆగలేదు, నార్త్ బీచ్ దాకా తవ్వుకుంటూ పోయాయి. అక్కడ ఒక పాత సినిమా హాలు స్థలంలోంచి వాటిని పైకి తీశారు. అంటే సొరంగం ఉంది, స్టేషన్ లేదు. ఫిషర్‌మన్స్ వార్ఫ్ దాకా పొడిగించాలా వద్దా అనే గొడవ మీద ఇంకో వీడియో చేస్తా. నా ఓటు పొడిగించడానికే, మీదేంటో కింద రాయండి.