పని చేయించాకే బ్రేకు మెత్తబడింది: రాయగడ స్టూడియోలో ఓ చర్చ

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. రాయగడలో మా చిన్న స్టూడియో ఇది, ఫ్యాను చప్పుడు మైకులో పడుతోందని ఆపేశాం కాబట్టి చెమటలు తుడుచుకుంటూనే మాట్లాడతాం. విషయం పాత బండ్ల బ్రేకులు. చేయించకముందు ఒక రకం, చేయించాక ఇంకా అధ్వాన్నం అయితే ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి? మాస్టారూ, మీ జీపు కథ చెప్పండి.

మాస్టారు: 2008 మోడల్ డీజిల్ జీపమ్మా. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించాను, ఇంకో ఐదేళ్లు నాతోనే ఉంటుందని. మొన్న ముందు చక్రాల దగ్గర కీచుమంటుంటే ఒక షెడ్డుకి ఇచ్చాను. ముందు చక్రాల్లో ప్యాడ్లని డిస్కుకి అదిమిపట్టే కాలిపర్లు రెండూ విప్పి రబ్బరు కిట్లు, కొత్త ప్యాడ్లు వేశారు. వెనక డ్రమ్ములకి లోపల ఒరుసుకునే షూలు కొత్తవి. శబ్దం పోయింది, దాంతోపాటు బ్రేకూ పోయింది! ముగ్గిన పనసపండు తొక్కినట్టుంది పెడల్. అడిగితే ‘కొత్త ప్యాడ్లు కదా మాస్టారూ, నాలుగు రోజులు తిప్పితే సెట్టవుతాయి’ అన్నాడు.

మెకానిక్: నాకు ఒళ్లు మండేది ఆ మాటకే. కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టొచ్చు, అది నిజమే, కానీ కుదురుకోవాల్సింది పట్టు. పెడల్ సగానికి దిగిపోవడం, కాలి కింద స్ప్రింగులా ఆడటం తిప్పితే పోయే జబ్బు కాదు.

మాస్టారు: తిప్పినా పోలేదు. మళ్లీ వెళితే, పెడల్ తొక్కినప్పుడు బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ పోయిందన్నారు, కొత్తది వేశారు. డబ్బులయ్యాయి, పెడల్ మాత్రం అక్కడే ఉంది.

షాపు యజమానురాలు: మా స్పేర్‌పార్ట్స్ కౌంటర్ దగ్గర రోజూ ఇదే వరస. ముందు మాస్టర్ సిలిండర్ అడుగుతారు, వారం తర్వాత, కాలి బలానికి సాయం చేసే బూస్టర్ అడుగుతారు. నాకు అమ్మకమే గానీ, ఒక్కోసారి ఉండబట్టలేక ‘అసలు పెడల్ ఎలా ఉంది బాబూ, మెత్తగానా గట్టిగానా’ అని అడిగేస్తాను. ముఖం చూస్తారు.

మెకానిక్: అక్క అడిగింది సరైన ప్రశ్న. బూస్టర్ పోతే పెడల్ రాయిలా గట్టిబడుతుంది, బలమంతా పెట్టి తొక్కాలి. మెత్తబడదు. బూస్టర్ నడిచేది వాక్యూమ్‌తో, డీజిల్ బండి కాబట్టి దానికి వాక్యూమ్ పంపు విడిగా ఉంటుంది, చాలా బండ్లలో ఆల్టర్నేటర్ వెనకాలే. ఇంజిన్ ఆపేసి నాలుగైదుసార్లు తొక్కండి, ఆ తర్వాత కాలు నొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారితే బూస్టర్ పని చేస్తున్నట్టే.

వ్యాఖ్యాత: మరి మెత్తగా ఉంటే?

మెకానిక్: మెత్తదనంలో రకాలున్నాయి, అవి కాలికే తెలియాలి. మొదటిసారి తొక్కితే కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైన గట్టిగా ఆగిందనుకోండి, వెనక షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైంది, ఆ సందు తగ్గించే అడ్జస్టరు తిప్పలేదని అర్థం. ఎన్నిసార్లు తొక్కినా స్ప్రింగులా ఊగుతుంటే ఆయిల్ వెళ్లే లైనులో గాలి ఉంది. గట్టిగా ఆగి, కాలు అలాగే పెట్టి అర నిమిషం చూస్తే మెల్లగా నేలకి దిగిపోతుంటే, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, అప్పుడు మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు మీద అనుమానం. మూడు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, కానీ ఎవరూ చేయరు. మాస్టారూ, మీదేది?

మాస్టారు: ఊగేదే. రెండుసార్లు తొక్కితే కాస్త పైకొస్తుంది గానీ ఊగడం పోదు.

డ్రైవర్: నేనొకటి అంటాను. ముప్ఫై ఏళ్లుగా లారీ తోలుతున్నాను, కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లడం నాకు పెరట్లోకి వెళ్లినట్టు. రెండుసార్లు తొక్కితే బ్రేకు వస్తోందంటే బండి తోలొచ్చు. మేమంతా అలాగే తోలాం.

మెకానిక్: బాబాయ్, కోప్పడకు, అలా తోలినవాళ్లలో కొంతమంది కథ చెప్పడానికి లేరు. ఎదురుగా ఆవు వచ్చినప్పుడు రెండోసారి తొక్కే టైముంటుందా?

డ్రైవర్: గేరు ఉంటుంది కదా! ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. ఈ కాలం కుర్రాళ్లు న్యూట్రల్‌లో దింపి బ్రేకు కాల్చేస్తున్నారు.

మెకానిక్: ఆ మాట మాత్రం బంగారం. మాస్టారి లైనులో ఉన్న గాలి పెడల్‌ని మొదటి నుంచే మెత్తగా ఉంచుతుంది, ఘాట్‌లో ఇంకోటి తోడవుతుంది. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ప్రమాణం ప్రకారమే అది 140కి దిగొచ్చు. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ దిగుడులో వేడెక్కి ఆవిరైతే పెడల్ ఉన్నట్టుండి నేలకి పోతుంది. కింద టీ కొట్టు దగ్గర ఆపి గంట కూర్చుంటే చల్లారి మళ్లీ బ్రేకు వచ్చేస్తుంది, మనం అమ్మవారి దయ అనుకుంటాం.

షాపు యజమానురాలు: ఆయిల్ అంటే గుర్తొచ్చింది. బ్రేకు డబ్బా లేదంటే ‘పోనీ స్టీరింగ్ ఆయిల్ పోయనా, ఇంజిన్ ఆయిల్ పోయనా’ అనేవాళ్లున్నారు. ఒక్క చుక్క కూడా వద్దు. రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, ఆ తర్వాత మాస్టర్ నుంచి చక్రాల దాకా రబ్బరున్న ప్రతి పార్టూ మార్చాలి, హోసులతో సహా.

వ్యాఖ్యాత: అన్నా, గాలి తీయించామనే మాస్టారు అంటున్నారు.

మాస్టారు: నాలుగుసార్లు తీశారు. నా కళ్ల ముందే. దూరపు చక్రం నుంచి మొదలుపెట్టి వరసగానే తీశారు, అది నాకూ తెలుసు.

మెకానిక్: తీసేటప్పుడు పెడల్ నేలదాకా తొక్కించారా?

మాస్టారు: తొక్కింది నేనే. దబదబా.

మెకానిక్: పాత బండికి అది చేయకూడదు. రోజూ మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కొంత దూరమే నడుస్తుంది, అవతల భాగంలో తుప్పు, మడ్డి పేరుకుంటాయి. నేలదాకా తొక్కితే రబ్బరు ఆ తుప్పు మీదికి వెళ్లి కోసుకుపోతుంది. అందుకే చాలామందికి గాలి తీయించిన మర్నాడే మాస్టర్ పోతుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెడితే సరిపోతుంది. మీ పాత మాస్టర్ అప్పటికి బాగానే ఉండి ఉండొచ్చు, దాన్నిప్పుడు తవ్వుకుని లాభం లేదు. కాలిపర్ ఫొటో ఏమైనా ఉందా?

మాస్టారు: ఉంది, బిల్లుతో గొడవ పడదామని తీశాను. ఇదిగో.

మెకానిక్: (ఫోన్ దగ్గరగా పెట్టుకుని) ఇది ఎడమ చక్రమా? ఇటు చూడండి, గాలి తీసే నిపుల్ ఎక్కడుంది?

మాస్టారు: కింద.

మెకానిక్: అంతే. రబ్బరు కిట్ వేయడానికి రెండు కాలిపర్లూ బల్ల మీదికి తెచ్చారు, బిగించేటప్పుడు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ వేశారు. బోల్టులు కూర్చున్నాయి కాబట్టి అనుమానం రాలేదు. నిపుల్ పైన ఉండాలి, ఎందుకంటే గాలి పైకి పోతుంది. కింద నుంచి ఎన్ని డబ్బాలు పోసి తీసినా ఆయిలే వస్తుంది, గాలి పైన హాయిగా కూర్చుంటుంది. నాలుగుసార్లు కాదు, నలభైసార్లు తీసినా ఇంతే.

షాపు యజమానురాలు: అయ్యో, దీనికా మాస్టర్ సిలిండర్ కొన్నది!

మెకానిక్: కాలిపర్లు మార్చి బిగించి, గాలి తీసి, వెనక అడ్జస్టర్లు చూసుకుంటే ఒక పూట పని. ఇంకొకటి, కొత్త మాస్టర్ వేశారు కాబట్టి, దాన్ని లోపలికి నెట్టే కడ్డీకి, అదే పుష్‌రాడ్‌కి, కొంచెం సందు వదిలారో లేదో చూడాలి. సందు లేకపోతే బండి వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

డ్రైవర్: పట్టేస్తే హోసు పైపు కూడా అయి ఉండొచ్చు. పాత రబ్బరు లోపల ఉబ్బితే ఆయిల్ వెళ్తుంది, తిరిగి రాదు.

మెకానిక్: నిజమే బాబాయ్. ఒక్క చక్రమే పట్టేస్తే దాని నిపుల్ వదులు చేసి చూడాలి. చక్రం ఫ్రీ అయితే ఆయిల్ ఒత్తిడి ఎక్కడో ఆగిపోయిందన్నమాట, కాకపోతే కాలిపర్ తుప్పు పట్టి ఇరుక్కుంది. ఇంకో మాట, డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని గాలికొట్టి ఊదొద్దు. షూల మీద ఉండే పాత లైనర్లలో ఊపిరితిత్తులకి చేటు చేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోవచ్చింది. మాస్టారూ, ఇప్పుడేం చేస్తారు?

మెకానిక్: ఆయన ఏం చేయక్కర్లేదు. బండి ఇంటి దగ్గరే ఉంచండి, రేపు నేనే టో చేయించి తెప్పిస్తాను. అంతవరకు ఎవరూ తోలొద్దు.

మాస్టారు: ఇంటి దగ్గర లేదు బాబూ. కింద గేటు పక్కన ఉంది.

వ్యాఖ్యాత: అంటే ఇవాళ ఇక్కడికి...

మాస్టారు: ఆటోవాడు వంద అడిగాడమ్మా.

మెకానిక్: తాళాలు ఇలా ఇవ్వండి మాస్టారూ.