తలుపును చూస్తూ ఫ్లోరు కట్టాలి: ఫోర్డ్ మోడల్ ఏ హాట్ రాడ్‌లో తుప్పు రేకు పని

అందరికీ నమస్కారం అండీ. మిషిగన్‌లో జనవరి. ఉప్పు చల్లే ట్రక్కు ఇప్పుడే మన వీధి దాటింది. ఆ ఉప్పు కారుకి ఏం చేస్తుందో చూడాలంటే గ్యారేజీలోకి రండి.

ఇది 1930 ఫోర్డ్ మోడల్ ఏ కూపే, ఎప్పుడో హాట్ రాడ్‌గా మార్చేశారు. కెమెరా కిందికి దించుతున్నా, డ్రైవరు కాళ్లు పెట్టే చోటు చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే ఖంగుమనాలి, ఇది తుస్సుమంటోంది. మొనతో నొక్కితే టీలో ముంచిన బిస్కెట్టులా లోపలికి దిగిపోయింది. మోడల్ ఏకి ఫ్యాక్టరీలో ముందు భాగాన ప్లైవుడ్ పలకలే వేసేవాళ్లు. వాటిని తీసేసి ఎవరో పల్చటి రేకు పరిచి, రివెట్లు కొట్టి, పైన ఫైబర్‌గ్లాస్ పూశారు. ఆ పూత గోటికి అట్టలా లేచి వస్తోంది, దాని కింద నీళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. తుప్పు పట్టిన చోటు మీద కప్పు వేస్తే జరిగేది ఇదే. రెండు రేకుల మధ్య సందులోకి నీరు దానంతటదే పాకుతుంది, ఉప్పు తోడైతే ఆరదు. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఆ రెండు రేకుల్నీ విడదీసి ఉబ్బిస్తుంది.

హాట్ రాడ్ అంటే కొత్తవాళ్లకి రెండు ముక్కల్లో: దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సు నేలల మీద కుర్రాళ్లు పాత ఫోర్డుల్ని తేలిక చేసి, ఇంజన్లు మార్చి పరిగెత్తించిన సంప్రదాయం. మా వైపు చూడాలంటే ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. 1995 నుంచి అక్కడ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపు జరుగుతోంది. పొడి ఎడారి రాష్ట్రమైన అరిజోనా నుంచి కారు కొంటే తుప్పు బాధ ఉండదనుకోకండి. ఉప్పు తినకపోయినా సీటు వెనక ఎలుకలు గూడు పెట్టిన చోట వాటి మూత్రం రేకుని జల్లెడ చేసేస్తుంది.

ఇప్పుడు అసలు మాట. ఇలాంటి కారులో ఫ్లోరు అంటే కాళ్ల కింద మూత కాదు. బాడీ మొత్తం రెండు పక్కలా పొడవునా ఉండే సబ్‌రెయిల్ అనే పట్టాల మీద నిలబడుతుంది, ఆ పట్టాలు ఛాసిస్‌కి, అంటే కింది ఇనుప చట్రానికి, బోల్టులతో బిగుస్తాయి. తలుపు బరువు కీలు స్తంభం మీద, స్తంభం కాలు సబ్‌రెయిల్ మీద. రెండు పట్టాల్నీ పట్టి ఉంచేది ఫ్లోరు. అందుకని గ్రైండర్ చేతిలోకి తీసుకునే ముందు తలుపులు చూడాలి. ఫ్లోరు ఎంత నున్నగా వచ్చినా తలుపు పడకపోతే పనంతా మళ్లీ మొదటికే.

బాడీని ఛాసిస్ నుంచి ఎత్తొద్దు. ఛాసిస్‌ని నాలుగు స్టాండ్ల మీద లెవెల్‌గా పెట్టి, బాడీ బోల్టులు బిగించి ఉంచి, తలుపులు పెట్టుకునే పని చెయ్యాలి. ఒక్కో తలుపు చుట్టూ పైన, మధ్యన, కింద సందు ఎంతుందో కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి ఆ తలుపుకే అంటించండి. సుమారు 5 మిల్లీమీటర్లు అన్ని వైపులా సమానంగా ఉంటే బాగున్నట్టు. తర్వాత ఐమూలలు: ఎడమ పై కీలు నుంచి కుడి లాక్ దాకా, కుడి కీలు నుంచి ఎడమ లాక్ దాకా. ఈ రెండు కొలతల మధ్య 3 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే బాడీ ఇప్పటికే మెలితిరిగి ఉంది. ముందు బాడీ కింద పలచటి బిళ్లలు పెట్టి అది సరిచేసుకోండి.

తర్వాత, కోసేటప్పుడు బాడీ కదలకుండా ఊతం. అంగుళం చదరపు గొట్టం, 1/16 అంగుళం మందం గోడది చాలు. కీలు స్తంభం నుంచి లాక్ స్తంభానికి ఒకటి, ఎడమ నుంచి కుడికి ఒకటి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు. గొట్టాన్ని తలుపు మూసుకునే దారికి లోపలగా పెట్టండి. చాలామంది తలుపు ద్వారానికి అడ్డంగా వెల్డ్ చేసేస్తారు, ఇక పని పూర్తయ్యేదాకా తలుపు వేసి చూసుకునే అవకాశమే ఉండదు. వెల్డింగ్ స్తంభాల మందపాటి రేకు మీదే పడాలి, బయటి తోలు రేకు మీద పడకూడదు.

కోతకి ముందు మోడల్ ఏ వాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఈ కారులో పెట్రోల్ ట్యాంకు వెనక ఉండదు. ముందు అద్దం కింద, మీ మోకాళ్ల పైన ఉండే ఆ గుండ్రటి భాగమే ట్యాంకు. పెట్రోల్ పైనుంచి దానంతటదే కిందికి దిగాలని అలా కట్టారు. హాట్ రాడ్ చేసినవాళ్లు కొత్త ట్యాంకు డిక్కీలో పెట్టినా పాతది బాడీలో భాగమే కాబట్టి అక్కడే ఉండిపోతుంది. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. విప్పి బయట పెట్టేశాకే గ్రైండర్ ఆన్ చెయ్యాలి. బ్యాటరీ తీసెయ్యండి. రేకు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడకండి, వెల్డింగ్ వెలుగుకి అది ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, గుడ్డల్ని దూరంగా పడేసి అప్పుడు వెల్డ్ చెయ్యండి. పాత పెయింటులో సీసం ఉంటుంది కాబట్టి ముఖానికి సన్నటి ధూళిని ఆపే పీ100 మాస్క్.

కోతకి నాలుగున్నర అంగుళాల గ్రైండర్, 1 మిల్లీమీటరు డిస్కు. గీత మీద కాకుండా అంగుళం లోపలగా మొదటి కోత కోసి చెత్త బయటకి తీసేస్తే వెలుతురు పడుతుంది, ఏది గట్టిదో ఏది కాదో అప్పుడు తెలుస్తుంది. ఎక్కడ ఆపాలి? సూది పంచ్‌తో కొడుతూ వెళ్లండి. గుంట మాత్రమే పడి అవతలికి దిగని చోటు దాటి, మందం కొలిచే కాలిపర్ పెడితే పూర్తి మందం చూపించే చోట ఆపండి. పల్చబడ్డ అంచుకి వెల్డ్ చెయ్యబోతే అది కరిగి జారిపోతుంది. దాన్ని మూయబోయి చిల్లుని ఇంకా పెద్దది చేసుకుంటాం.

సబ్‌రెయిల్స్ కొనండి, ఫ్లోరు మీరే చేసుకోండి. ఇది నా గట్టి అభిప్రాయం. సబ్‌రెయిల్‌కి వంపులు, బోల్టు రంధ్రాల లెక్క ఉంటాయి. ఒహాయోలో బ్రూక్‌విల్ లాంటివాళ్లు మోడల్ ఏకి, 1932 ఫోర్డ్‌కి స్టీలు బాడీలే అచ్చుపోస్తున్నారు. ఫ్లోరు మాత్రం రెడీమేడ్ తెచ్చుకుంటే అది పాత గేరుబాక్సుకి తగ్గట్టు ఉంటుంది, మీ కింద ఉన్న ఐదు గేర్ల టీ5 గేరుబాక్సుకి కాదు. పట్టాల్ని ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాతది కోసి, కొత్తది ఛాసిస్‌కి బోల్టు వేసి, క్లాంపు పెట్టి, తలుపు మూసి చూసి, ట్యాక్ (తాత్కాలిక వెల్డ్ చుక్క) కొట్టి, మళ్లీ తలుపు మూసి చూసి, అప్పుడు వెల్డ్. రెండు పక్కలా ఒకేసారి కోస్తే కొలుచుకోవడానికి కారులో ఏమీ మిగలదు.

ఫ్లోరుకి 18 గేజ్ కోల్డ్ రోల్డ్ రేకు, అంటే 1.2 మిల్లీమీటర్లు. 4 అడుగులు, 8 అడుగుల షీటు ఒకటి సుమారు 29 కిలోలు. మనవాళ్లకి ఒక సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో 16 గేజ్ అంటే పాత బ్రిటిష్ లెక్కలో 1.6 మిల్లీమీటర్లు, అమెరికా స్టీలు లెక్కలో 1.5. అక్కడి బంధువుల సలహా ఇక్కడి షీటుకి వాడేటప్పుడు గేజ్ మాట వదిలేసి మిల్లీమీటర్లలోనే మాట్లాడుకోండి. 20 గేజ్ వేస్తే అడుగు పెట్టిన ప్రతిసారీ డబ్బా మూతలా టప్‌టప్‌మంటుంది. జింకు పూత రేకు తుప్పు పట్టదు కదా అని తెచ్చుకోకండి. వెల్డ్ చేస్తే ఆ పొగకి రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది, అతుకు కూడా బుడగలు బుడగలుగా వస్తుంది.

నమూనాకి దళసరి కార్డు అట్ట వాడండి. డెలివరీ డబ్బాల అట్ట వద్దు, లోపల అలలు ఉంటాయి కాబట్టి మడత అనుకున్న చోట పడదు. నమూనా సరిపోయాక రేకు మీద గీసి, కత్తిరించేటప్పుడు చుట్టూ అంగుళం ఎక్కువ వదలండి. ఎందుకంటే చదును రేకు గట్టిపడాలంటే రేకుని నొక్కే బీడ్ రోలర్ యంత్రంలో గాడులు వెయ్యాలి, గాడి పడ్డాక రేకు పొడవు తగ్గుతుంది, అంచులు పైకి లేస్తాయి. ముందే కొలతకి కోసినవాళ్లకి సబ్‌రెయిల్ మీద కూర్చోవలసిన అంచు పొట్టిపడుతుంది. గాడి అరంగుళం వెడల్పు, అంచుకి అంగుళం ముందే ఆగాలి. అంచు దాకా లాగితే అతుకు కింద సందు మిగిలి, తుప్పుకి మళ్లీ అదే ఇల్లు.

గేరుబాక్సు మీద టన్నెల్, అంటే ఎత్తుగా వచ్చే రేకు కప్పు, కట్టేముందు వెనక స్ప్రింగు విప్పేసి, యాక్సిల్ పైకి వెళ్లగలిగినంత దాకా జాకీతో లేపండి. అప్పుడు డ్రైవ్‌షాఫ్టుకి, రేకుకి మధ్య అంగుళమైనా ఉండాలి. నిలబడ్డ కారులో కొలిచి కడితే మొదటి గుంతలోనే షాఫ్టు రేకుని గీరుతుంది. గేరుబాక్సు పైభాగం మూత వెల్డ్ చెయ్యకండి. 1/4 అంగుళం బోల్టులు, రివెట్ నట్లు పెట్టి విప్పేలా ఉంచండి, లేకపోతే క్లచ్ మార్చాలంటే బాడీ ఎత్తాలి. రాడ్‌లలో బ్రేకు మాస్టర్ సిలిండర్ తరచూ డ్రైవరు కాళ్ల కింద ఛాసిస్‌కే ఉంటుంది. దాని మీద ద్రవం సీసా, చెయ్యి రెండూ పట్టేంత చిన్న తలుపు వదలాలి. ఫ్లోరు అందంగా వచ్చిందని ఫోటోలు తీసుకున్నాక ఇది గుర్తొచ్చే వాళ్లు తక్కువేం కాదు. సీటు బెల్టు బోల్టులు 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలవి. పల్చటి రేకుకి వాషరు సరిపోదు, కింద 1/8 అంగుళం మందం, 3 అంగుళాల చదరపు ప్లేటు వెల్డ్ చెయ్యండి.

ఇక వెల్డింగ్. తీగ దానంతటదే వచ్చే మిగ్ మెషీన్, 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 పాళ్లు ఆర్గాన్ 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. గ్యాసు లేకుండా నడిచే ఫ్లక్స్ తీగ వేడెక్కువ, ఈ రేకుకి చిల్లులే. సబ్‌రెయిల్ మీద పడే అంచుకి 5/16 అంగుళం రంధ్రాలు, ఒకటిన్నర అంగుళానికొకటి కొట్టి, కింది పట్టాకి అతుక్కునేలా క్లాంపు బిగించి, రంధ్రం మధ్యలో కింది రేకు మీద మొదలుపెట్టి గుండ్రంగా బయటికి నింపండి. మధ్యలో రేకుకి రేకు ఎదురెదురుగా చేరే చోట సందు తీగ మందానికి మించొద్దు. అక్కడ గీతలా లాగకూడదు. ఒక చుక్క ఇక్కడ, తర్వాతది అడుగు దూరంలో, మూడోది అవతల చివర. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ మధ్యల్లోకి. తొందరపడి ఆరు అంగుళాలు ఒకేసారి లాగితే రేకు కుంచించుకుపోయి పక్కన అప్పడంలా లేస్తుంది. లేస్తే వెల్డ్ కింద డాలీ అనే ఇనుప దిమ్మ పెట్టి, పైన వెల్డ్ మీదే సుత్తితో కొట్టి సాగదీయాలి, పక్కనున్న ఉబ్బు మీద కొడితే ఇంకా పెరుగుతుంది.

మొత్తం చల్లారాక ఊత గొట్టాలు ఒక్కొక్కటే కోసి, తలుపు మీది టేపు చూసి మళ్లీ కొలవండి. మిల్లీమీటరు తేడా బాడీ కింద బిళ్లతో సరిపోతుంది. మూడు నాలుగు వచ్చిందంటే రంగు జోలికి వెళ్లకుండా ఆ పక్క వెల్డ్స్ తెరవాల్సిందే. బాధే, కానీ ఇప్పుడైతే ఒక సాయంత్రం పని.

పూత విషయంలో చలి దేశం వాళ్లకి ఒక చిక్కు. కిరోసిన్ హీటరు పెడితే గ్యారేజీ వెచ్చబడుతుంది, కానీ దాని మంటలోంచి నీటి ఆవిరి కూడా వస్తుంది. రేకు ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి దాని మీద చెమట పట్టి, తెల్లారేసరికి నారింజ రంగు పొర. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కరెంటు హీటరు ముందురోజే పెట్టి, రేకు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు దాటాక రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ పైనా కిందా కొట్టండి. అది ఆరాక అతుకుల మీద సందులు మూసే పాలీయురేథేన్ సీమ్ సీలర్, అది కూడా రెండు పక్కలా. సబ్‌రెయిల్ లోపలికి బ్రష్ వెళ్లదు, పొడుగు గొట్టం స్ప్రేతో మైనం పంపించాలి. పట్టా అడుగున నీళ్లు కారే రంధ్రాల్ని మాత్రం సీలర్‌తో మూసెయ్యకండి.

సీలర్ గట్టిపడ్డాక రెండు చెంబుల నీళ్లు ఫ్లోరు మీద పోసి, కింద దీపం పెట్టి చూడండి. ఎక్కడైనా తడి కనిపిస్తే ఆ చుక్క చుట్టూ మార్కర్‌తో గీసి, ఆరబెట్టి మళ్లీ సీలర్ వెయ్యండి. కార్పెట్ అప్పుడే పరవకండి, కింద వేసే జనపనార పరుపు అసలే వద్దు, అది నీళ్లు తాగి నెలల తరబడి ఉంచుకుంటుంది. ఏప్రిల్ వానల్లో రెండు మూడుసార్లు తిప్పి, ఇంటికొచ్చాక మూలల్లో చెయ్యి పెట్టి చూసుకునేదాకా కార్పెట్ చుట్టి అటక మీదే ఉండనివ్వండి.