పిల్లాడి గదిలో ఎత్తు మంచం: కర్ర కోయించేముందు ఫ్యాను చూసుకోండి

వ్యాఖ్యాత: పాలకొల్లు దగ్గర నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు. అడగండమ్మా, మేస్త్రిగారు వింటున్నారు.

శ్రోత: నమస్కారమండి మేస్త్రిగారూ. మా బాబుకి 8 ఏళ్లండి. గది చిన్నది, 10 బై 11. మంచం పైకెత్తించి కింద చదువుకునే బల్ల వేయిద్దామని. పెద్దయ్యాక కిందికి దించుకునేలా ఉండాలండి. మా వడ్రంగి కొలతలు చెప్పమంటున్నాడు.

మేస్త్రి: కొలతలు తర్వాత తల్లీ. ఫ్యాను ఎక్కడుంది?

శ్రోత: గది నడిమధ్యనండి. శ్లాబు 10 అడుగులు.

మేస్త్రి: అయితే నాతోపాటు లెక్కేయండి. 10 అడుగుల వెడల్పులో ఫ్యాను 5 అడుగుల దగ్గరుంది. మామూలు ఫ్యాను రెక్క కొస నడుమ నుంచి 2 అడుగులు వస్తుంది. గోడవారగా 3 అడుగుల మంచం వేస్తే ఆ కొస సరిగ్గా మంచం పట్టె దాకా వచ్చేసింది. ఇక ఎత్తు. పరుపుతో కలిపి 5 అడుగులు, బాబు ఇంకో 4 అడుగులు. వాడు మంచం మీద నిలబడితే తల 9 అడుగుల దగ్గర. రెక్కలు తిరిగేదీ అక్కడే.

శ్రోత: అమ్మో! ఇది మాకు తట్టనేలేదండి.

మేస్త్రి: చాలామందికి తట్టదమ్మా, అందుకే ముందడిగాను. ఆ ఫ్యాను తీయించి, జాలీ ఉన్న గోడ ఫ్యాను ఎదురుగోడకి పెట్టించండి. అది అయ్యాకే కర్ర కోయించండి.

శ్రోత: అలాగేనండి. మరి దించుకోవడం?

మేస్త్రి: మంచం కోళ్లు కోయించొద్దు. నాలుగూ 6 అడుగులవి పెట్టి, ఒక్కోదానికి రెండుచోట్ల బెజ్జాలు వేయించండి, 54 అంగుళాల దగ్గర ఒకటి, 16 దగ్గర ఒకటి. పట్టెలు ఇప్పుడు పైబెజ్జాల్లో, రేపు కిందిబెజ్జాల్లో. దించాక పైకి మిగిలిన కోళ్లకి దోమతెర కట్టుకోవచ్చు. స్క్రూలు మాత్రం వద్దు, విప్పి బిగిస్తే కర్రలో పట్టు పోతుంది. ఆరపార బోల్టులు, రెండువైపులా వాషర్లు వేయించండి.

శ్రోత: పరుపు మా అత్తగారు ఇచ్చిన బూరుగుదూదిది ఉందండి.

మేస్త్రి: అది పైన వద్దమ్మా. ఏకించిన కొత్తలో 8 అంగుళాలు పొంగుతుంది, పరుపు పెరిగినకొద్దీ, బాబు పడిపోకుండా పక్కన కట్టే అడ్డపట్టీ ఎత్తు తగ్గిపోతుంది. 4 అంగుళాల కొబ్బరిపీచు పరుపు వేయండి. పరుపు పైనుంచి అడ్డపట్టీ కనీసం 5 అంగుళాలు ఉండాలి, మా ఇంట్లో అయితే 8 పెట్టిస్తాను. పట్టీల మధ్య సందు మూడున్నర అంగుళాలు దాటకూడదు, పిల్లల ఒళ్లు దూరిపోతుంది.

బిగించేటప్పుడు ముందు తల, కాళ్లవైపు చట్రాలు నేలమీద కట్టి, ఇద్దరు పట్టుకుని నిలబెట్టాలి. బోల్టులు చేతితోనే పట్టించి, మూల నుంచి ఎదురుమూలకి తాడు లాగి చూడండి, మిగతా రెండు మూలలకీ అలాగే. రెండు కొలతలూ ఒక్కటైతేనే స్పానర్ తీయాలి. ఆఖరున గోడకి, ప్లాస్టరుకి కాదు, లోపలి ఇటుకకి ఫాస్టనర్‌తో పట్టించాలి. మన దగ్గర వానల్లో కర్ర ఉబ్బి, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అందుకని వేసవిలో ఒకసారి బోల్టులన్నీ బిగించండి.

శ్రోత: సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలొస్తారండి, చిన్నాడికి 4 ఏళ్లు. ఇద్దర్నీ పైన పడుకోబెట్టొచ్చా?

మేస్త్రి: వద్దు తల్లీ. 6 ఏళ్లు నిండనివాళ్లు పైకి ఎక్కకూడదు. పైన ఎప్పుడూ ఒక్కళ్లే. ఆ నాలుగు రోజులూ అందరికీ కిందే చాప వేయండి, నిచ్చెన విప్పేసి అటక మీద పెట్టండి.