గిన్నె ఊడ్చేస్తే రేపటికి తోడెక్కడిది?

నమస్కారమండీ. పోయిన వీడియో కింద మళ్లీ అదే మాట: "పశువులు ఎక్కువైపోయాయి, అందుకే బీడు గుండైంది." రెండే ఆవులున్నా గుండవుతుందండీ! తలలు తర్వాత, ముందు ఒకే చోట ఎన్ని రోజులు మేపుతున్నారో లెక్కపెట్టండి.

పెరుగు బాగుందని గిన్నె అంతా ఊడ్చేశారనుకోండి, రాత్రి తోడుకి పక్కింటికి వెళ్లాలి. గడ్డికి పక్కిల్లు లేదు. నాలుగు అంగుళాల ఆకు మిగిల్చారా, అదే తోడు. ఎండను పట్టి కొత్త ఆకు పుట్టించేది అదే. మొదలంటా మేపితే మొక్క వేళ్ల దగ్గర దాచుకున్న తిండి తీసి చిగురేస్తుంది. ఆ చిగురు మెత్తన, తియ్యన. ఆవు ముదురు గడ్డిని దాటుకుని వచ్చి మరీ దాన్నే కొరుకుతుంది. ఇలా మాటిమాటికీ జరిగితే మొక్క పోతుంది, ఆ జాగాలో వయ్యారిభామ లేస్తుంది. తప్పు ఆవుది కాదు, దాన్ని అక్కడే ఉంచిన మనది! ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఆండ్రే వ్వాజన్ అనే రైతు 1950ల్లోనే మొత్తుకున్నాడు ఈ సంగతి.

తోడేశాక గంటకోసారి గిన్నె కదిపితే పెరుగు పేరుకుంటుందా? మేసిన మడిని కూడా కదపకూడదు, గడ్డి తేరుకునేదాకా ఆవును మళ్లీ దించకూడదు. అలాగని మరీ వదిలేస్తే పులుస్తుంది: గడ్డి కంకి వేసి, కాడ పీచుబారి, పాలు తగ్గుతాయి. న్యూజిలాండ్ రైతులు రైగ్రాస్ అనే మేత గడ్డికి ఆకులు లెక్కపెడతారు. మూడో ఆకు విచ్చుకోగానే మేపుతారు, ఎందుకంటే నాలుగోది వచ్చేసరికి మొదటిది ఎండిపోతుంది. మన గినీ గడ్డికి, అంజన్ గడ్డికి ఆ లెక్క పనికిరాదు, కంకి తీయకముందే దించండి.

వానాకాలంలో 30 రోజుల విశ్రాంతి, ఒక్కో మడిలో 3 రోజుల మేత అనుకుందాం. విశ్రాంతిలో ఉండేవి పది మడులు, ఇప్పుడు మేస్తున్నది ఒకటి, మొత్తం 11. "అన్ని కంచెలు ఎక్కడ తెచ్చేది?" అంటారు. ఒకటి రెండు ఆవులకి గుంజ, పలుపుతాడు చాలు. మా తాత రోజూ గుంజ మార్చేవాడు, అప్పట్లో చాదస్తం అనుకునేవాణ్ని. వేసవిలో గడ్డి తేరుకోదు. అప్పుడు 30 రోజులు పట్టుకుని వేలాడకండి, పాకలోనే మేత వేయండి.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. వాన పడ్డ రోజు నల్లరేగడిలో దించకండి, డెక్కలకి నేల బిగుసుకుపోతుంది. లేత జొన్నలో అసలే వద్దు, సైనైడ్ విషం. ఖాళీ జాగాల్లో తొలకరికి స్టైలో అనే పప్పుజాతి మేత విత్తనం చల్లండి. దాని పెంకు గట్టిది, చల్లేముందు 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి తీయండి. సోలార్ కంచె సంగతి వచ్చే వీడియోలో. ఈలోగా బోరు కరెంటుని కంచె తీగకి తగిలించకండి, మనుషులు పోతారు!